‘అరుపు’తోనే ఎక్స్‌ప్రెషనిజం మొదలైందా? అది మన దాకా ఎలా వచ్చింది?

ఫైన్ ఆర్ట్స్ మొదటి ఏడాది చదువుతున్నానంటూ మీరు మూడు సంగతులు అడిగారు, సెమినార్‌కు ఒక అంశం కూడా చెప్పమన్నారు. ఎడ్వర్డ్ మంక్ గీసిన ‘అరుపు’తోనే ఎక్స్‌ప్రెషనిజం మొదలైందా? ఆ పేరు చెప్పగానే అందరూ జర్మనీనే ఎందుకు తలుచుకుంటారు? భారతదేశంతో దానికి నిజంగా ఏమైనా సంబంధం ఉందా, లేక విమర్శకులు తర్వాత అంటగట్టిన పోలికలేనా? కళాచరిత్ర పాఠాలు చెబుతూ, ముఖ్యంగా ఆ కాలపు ప్రింట్ల చుట్టూ చాలా ఏళ్లు తిరిగినదాన్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఎక్స్‌ప్రెషనిజం అంటే కంటికి కనబడేదాన్ని ఉన్నదున్నట్టు కాకుండా, మనసుకు తోచినట్టు గీతనూ రంగునూ మార్చి చూపే కళ. ముందు సూటిగా జవాబు. ‘అరుపు’ మూలాల్లో ఒకటి, అంతే. ఉద్యమంగా ఎక్స్‌ప్రెషనిజం 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టింది. అక్కణ్ణుంచి అది ఎక్కువగా కాగితం మీదే ప్రయాణం చేసింది: చెక్క అచ్చులు, లితోగ్రాఫులు (రాతి పలక మీద గీసి తీసే అచ్చులు), పత్రికలు, ఏటా పంచిన పోర్ట్‌ఫోలియోలు. 1933 తర్వాత దేశం విడిచి పారిపోయిన మనుషులు దాన్ని తమతో మోసుకెళ్లారు. ఇక భారతదేశంతో సంబంధం నిజమైనదే, పైగా రెండు వైపులా నడిచింది. ఆ బొమ్మలు కలకత్తా చేరడానికి పదేళ్ల ముందే మన అజంతా డ్రెస్డెన్ చేరింది.

మంక్ నార్వే దేశస్థుడు. 1892లో బెర్లిన్ చిత్రకారుల సంఘం ఆయన్ని పిలిచి ప్రదర్శన పెట్టించింది. బొమ్మలు చూసి సంఘంలోని పెద్దలు మండిపడ్డారు. ఓటింగ్ పెట్టి, వారం తిరక్కుండానే ప్రదర్శన మూసేశారు. ఆ గొడవతో మంక్ పేరు జర్మనీ అంతా మోగింది. సంఘంలో అప్పుడు మొదలైన చీలిక ముదిరి, చివరికి 1898లో బెర్లిన్ సెసెషన్ అనే వేరే సంస్థ ఏర్పడింది. ‘అరుపు’ను ఆయన 1893లో అట్ట మీద వేశాడు. రెండేళ్ల తర్వాత బెర్లిన్‌లో దాన్నే నలుపు తెలుపుల్లో లితోగ్రాఫ్‌గా తీశాడు. నా దృష్టిలో రంగుల బొమ్మకన్నా ఈ లితోగ్రాఫే ఎక్కువ పని చేసింది. ఎర్రటి ఆకాశం సాయం లేకుండా ఒట్టి గీతలతోనే అంత భయం పుట్టించవచ్చని అది చూపించింది. పైగా చేతికి అందేది, చవకైనది, ఊరూరా తిరిగేది. చెక్క అచ్చుల్లో కూడా మంక్ ఒక పని చేశాడు. పలకను రంపంతో ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వేరే రంగు పూసి, మళ్లీ అతికించి ఒకేసారి అచ్చు తీసేవాడు. చెక్కలోని ఈనెలు కూడా బొమ్మలో భాగమైపోయేవి. తర్వాతి తరం జర్మన్ కుర్రాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఇదేనని నేను అనుకుంటాను. కానీ మంక్ ఒంటరిగా పనిచేశాడు. ఆయనకు బృందం లేదు, ప్రకటన లేదు. అందుకే ఉద్యమం అక్కడ మొదలైందని అనలేం.

మూలాల్లో ఇంకొన్ని: వాన్ గోఖ్ కుంచె దెబ్బలు, గోగాఁ చదునైన రంగులు, బెల్జియంలో జేమ్స్ ఎన్సోర్ ముసుగు ముఖాలు. వీటిలో వాన్ గోఖ్ ప్రభావానికి ఊరు, తేదీ కూడా చెప్పవచ్చు. 1905 నవంబరులో డ్రెస్డెన్‌లోని ఆర్నాల్డ్ గ్యాలరీలో ఆయన చిత్రాలు దాదాపు 50 ఒకేచోట పెట్టారు. అప్పటికి కొన్ని నెలల ముందే అదే ఊళ్లో నలుగురు కుర్రాళ్లు ఒక బృందం కట్టుకుని ఉన్నారు.

వాళ్ల దగ్గరికి వెళ్లేముందు మీ రెండో ప్రశ్న. జర్మనీయే ఎందుకు? జర్మన్ల స్వభావమే అలాంటిదని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. కారణాలు మామూలు చరిత్రలోనే దొరుకుతాయి. 1871లో దేశం ఒకటైంది, ఫ్యాక్టరీలు విపరీతంగా పెరిగాయి. ఆ ఏడాది ఎనిమిది లక్షల చిల్లర ఉన్న బెర్లిన్ జనాభా 1910 నాటికి 20 లక్షలు దాటింది. ఒక్క తరంలో పల్లె మనిషి నగరం మనిషి అయిపోయాడు. ఇంట్లో తండ్రి మాట, బడిలో పంతులు మాట, పైన చక్రవర్తి మాట, అన్నీ శాసనాలే. కైజర్ రెండో విల్‌హెల్మ్ 1901లో తన పాలరాతి విగ్రహాల వీధి గురించి మాట్లాడుతూ, తనకు నచ్చని కళను మురుగుకాలువ కళ అని తిట్టాడు. అలాంటి చోట వంకర గీత గీయడమే ఎదురు తిరగడం అయింది.

ఇంకో కారణం ఉంది, దాన్ని తక్కువమంది పట్టించుకుంటారు. ఫ్రాన్స్‌లో కళ అంటే పారిస్ ఒక్కటే. జర్మనీ చాలాకాలం చిన్నచిన్న రాజ్యాలుగా ఉన్న దేశం కాబట్టి డ్రెస్డెన్, మ్యూనిక్, కొలోన్, హాంబర్గ్, ఇలా ప్రతి ఊరికీ సొంత అకాడమీ, మ్యూజియం, గ్యాలరీలు, కొనుగోలుదార్లు ఉండేవారు. హాగెన్ లాంటి చిన్న పారిశ్రామిక పట్నంలో కూడా కార్ల్ ఎర్న్‌స్ట్ ఒస్ట్‌హౌస్ 1902లోనే ఫోల్క్‌వాంగ్ మ్యూజియం తెరిచి ఆధునిక చిత్రాలు కొన్నాడు. ఒక ఊళ్లో తలుపు మూసుకుంటే ఇంకో ఊళ్లో తెరుచుకునేది. కొత్తవాళ్లు బతికి బట్టకట్టింది ఇందువల్లే.

ఇప్పుడు ఆ నలుగురు. ఎర్న్‌స్ట్ లూడ్విగ్ కిర్ష్‌నర్, ఎరిక్ హెకెల్, కార్ల్ ష్మిట్-రాట్‌లుఫ్, ఫ్రిట్జ్ బ్లైల్. నలుగురూ ఆర్కిటెక్చర్ విద్యార్థులు. 1905 జూన్ 7న ‘డీ బ్రుకె’, అంటే వంతెన, అనే పేరుతో బృందం పెట్టారు. పాత కళ నుంచి రాబోయే కళకు దాటించే వంతెన అని వాళ్ల ఊహ. ఫ్రీడ్రిక్‌స్టాట్ అనే కార్మికవాడలో ఖాళీ అయిన ఒక మాంసం కొట్టును స్టూడియోగా మార్చుకున్నారు. కుర్చీలు, బల్లలు తామే చెక్కుకున్నారు, తెరలకు తామే రంగులేసుకున్నారు. మోడల్ పావుగంటకోసారి భంగిమ మార్చేది. అంత తొందరలో కండరాలు, నీడలు కొలుచుకుంటూ కూర్చోవడం కుదరదు. చెయ్యి తనంతట తాను ముఖ్యమైన గీతను పట్టుకోవాలి. 1906లో కిర్ష్‌నర్ బృందం ప్రకటనను చెక్క మీద చెక్కి అచ్చేశాడు. తనను సృష్టికి పురికొల్పే దాన్ని సూటిగా, కల్తీ లేకుండా చూపించేవాడెవడైనా మావాడే అన్నది దాని సారం. ఆ ఏడాదే దీపాల ఫ్యాక్టరీ షోరూమ్‌లో మొదటి ప్రదర్శన పెట్టారు. బ్లైల్ చేసిన పోస్టర్‌లో నగ్నంగా నిలబడిన స్త్రీ ఉందని పోలీసులు దాన్ని అంటించనివ్వలేదు.

డబ్బు విషయంలో వాళ్లు చేసిన ఏర్పాటు చూడండి, నా వాదన అంతా దీని మీదే ఉంది. బొమ్మలు వెయ్యని అభిమానులు ఏడాదికి 12 మార్కులు కట్టి సభ్యులు కావచ్చు. వాళ్లకు ఏటా ఒక పోర్ట్‌ఫోలియో వస్తుంది, అందులో బృంద సభ్యుల ఒరిజినల్ ప్రింట్లు ఉంటాయి. పెద్ద కాన్వాస్ కొనలేని పంతులు, డాక్టరు, న్యాయమూర్తి ఇంట్లోకి కూడా కొత్త కళ అలా ప్రవేశించింది. హాంబర్గ్‌కు చెందిన కళాచరిత్రకారిణి రోజా షపీరె ఈ సభ్యుల్లో ఒకరు. యూదు కుటుంబానికి చెందిన ఆమె 1939లో లండన్‌కు పారిపోతూ ష్మిట్-రాట్‌లుఫ్ చిత్రాలు కొన్నింటిని కాపాడుకుని తీసుకెళ్లింది. వాటిలో కొన్ని ఇప్పుడు టేట్ మ్యూజియంలో ఉన్నాయి.

చెక్క అచ్చు దగ్గర కాసేపు ఆగుతాను. ఎక్స్‌ప్రెషనిజం అంటే రంగుల వరద అనుకునేవాళ్లు దాని వెన్నెముకను చూడటం లేదు. ఆల్బ్రెక్ట్ డ్యూరర్ కాలంలో జర్మన్ చెక్క అచ్చు చాలా సున్నితమైన కళ. గీతకు గీతకు మధ్య వెంట్రుకంత ఖాళీ ఉంచేవారు. బ్రుకె కుర్రాళ్లు దానికి పూర్తిగా ఎదురు నడిచారు. పలకను నున్నగా తోమలేదు. ఉలి జారిన చోటు, చీలిక లేచిన చోటు అలాగే వదిలేశారు. చెక్క గట్టిగా ఉంటుంది కాబట్టి గుండ్రటి ముఖం కోణాలుగా మారుతుంది. మధ్య రంగులు ఉండవు, నలుపో తెలుపో తేల్చుకోవాలి. ఆ బలవంతం వల్ల పుట్టిన కోణాలే తర్వాత వాళ్ల ఆయిల్ చిత్రాల్లోకి కూడా వచ్చాయి. ఎమిల్ నోల్డె 1912లో చెక్కిన ‘ప్రవక్త’ చూడండి. కళ్ల గుంటలు, గడ్డం, నుదుటి ముడతలు అన్నీ కత్తి గాట్లే. నోల్డె అంతకు ముందు 1906లో బ్రుకెలో చేరి ఏడాదిన్నరకే బయటికొచ్చాడు. రంగుల విషయంలోనూ వాళ్ల పద్ధతి వేరు. కిర్ష్‌నర్ ఆయిల్ రంగును పెట్రోలు లాంటి ద్రావకంతో పలచన చేసి తొందరగా పూసేవాడు. అందుకే ఆయన చిత్రాలకు వార్నిష్ మెరుపు ఉండదు, గోడకు సున్నం వేసినట్టు మసగ్గా, పొడిగా కనిపిస్తాయి.

అజంతా సంగతి ఇక్కడే చెప్పాలి. బొంబాయి జేజే స్కూల్లో పనిచేసిన జాన్ గ్రిఫిత్స్ 1872 నుంచి 1885 దాకా తన విద్యార్థులతో అజంతా గుహల్లో నకళ్లు తీయించాడు. లండన్ పంపిన వాటిలో చాలా భాగం 1885లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన వాటితో ఆయన వేసిన రెండు పెద్ద సంపుటాలు డ్రెస్డెన్ గ్రంథాలయంలో కిర్ష్‌నర్ కంటపడ్డాయి. ఆయన వాటిని చూసి ఉప్పొంగిపోయాడు, అందులోని బొమ్మలను కూర్చుని దించుకున్నాడు. 1911లో వేసిన ‘సరస్సులో స్నానం చేస్తున్న ఐదుగురు’ చిత్రంలో ఆ ప్రభావం తేటగా కనబడుతుంది. ఒంటి బరువు ఒక వైపుకు వాలడం, నడుము వంపు, గుండ్రటి స్తనాలు, బయటి గీత లోపలి ఒంటిని నింపేసే తీరు, ఇవి వాళ్లు మెచ్చిన ఆఫ్రికా శిల్పం నుంచి వచ్చినవి కావు. అజంతా అప్పుడు నిజాం సంస్థానంలో ఉండేది. 1914లో ఏర్పడిన హైదరాబాద్ పురావస్తు శాఖ, గులాం యజ్దానీ నాయకత్వంలో, ఆ గుహలను కాపాడింది. మీరు హైదరాబాద్‌లో ఉంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా నకళ్ల గ్యాలరీకి వెళ్లి, ఫోన్‌లో కిర్ష్‌నర్ స్నానం చిత్రాలు పక్కన పెట్టుకుని చూడండి. నేను చెప్పినదానికన్నా మీ కళ్లే ఎక్కువ చెబుతాయి.

ఈ అరువుల గురించి మాట్లాడుతూ ఒక చేదు సంగతి దాటవేయకూడదు. డ్రెస్డెన్ మానవశాస్త్ర మ్యూజియంలో వాళ్లు చూసి మురిసిపోయిన పలావు దీవుల చెక్కిన దూలాలు, ఆఫ్రికా విగ్రహాలు వలసపాలన వల్ల అక్కడికి చేరినవి. వాటిని చెక్కినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. వాటిని ‘ఆదిమం’ అని మెచ్చుకోవడంలోనే ఒక తక్కువ చూపు ఉంది. అలాగే వాళ్ల మోడల్ ఫ్రెంజి. 1900లో పుట్టిన కార్మిక కుటుంబపు పిల్ల. తొమ్మిది, పదేళ్ల వయసులో ఆ పిల్లను నగ్నంగా, మోరిట్జ్‌బుర్గ్ చెరువుల దగ్గరా స్టూడియోలోనూ గీశారు. ఆ చిత్రాలను స్వేచ్ఛకు గుర్తుగా మాత్రమే పాఠం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఆ పిల్లకు ఆ స్వేచ్ఛలో వాటా ఎంత అని అడగాలి.

1911లో బృందం బెర్లిన్ చేరింది. చెరువు గట్ల మీది పచ్చటి ఒళ్లు పోయి, కిర్ష్‌నర్ చిత్రాల్లోకి 1913 నుంచి నగర వీధులు వచ్చాయి. ఈకల టోపీలు పెట్టుకున్న వేశ్యలు, వాళ్ల వెనక ముఖాలు తెలియని మగవాళ్లు, కత్తి మొనల్లాంటి చేతులు, కాళ్ల కింద జారిపోతున్నట్టున్న రోడ్డు. ‘పాట్స్‌డామర్ ప్లాట్జ్’ చిత్రం ఎత్తే రెండు మీటర్లు. అదే 1913లో బృందం చరిత్ర రాస్తూ కిర్ష్‌నర్ తనను అందరికన్నా పైన పెట్టుకున్నాడని మిగతావాళ్లు అలిగారు. బ్రుకె అక్కడితో ముగిసింది. ఎక్స్‌ప్రెషనిస్టులు అనే పేరు ఎక్కడిదంటారా? 1911లో బెర్లిన్ సెసెషన్ వాళ్లు ఆ పేరు పెట్టింది బ్రాక్ లాంటి పారిస్ చిత్రకారులకు. పాల్ ఫెష్టర్ 1914లో రాసిన పుస్తకంతో అది జర్మన్ల పేరుగా స్థిరపడింది. పేర్లు ఇలా ఆలస్యంగా, చేతులు మారి వస్తాయి. పరీక్షలో అడిగితే ఈ క్రమం రాయండి, మార్కులు పోవు.

మ్యూనిక్ శాఖ వేరే రకం. వాసిలీ కాండిన్‌స్కీ మాస్కోలో లా, ఆర్థికశాస్త్రం చదివి, 30 ఏళ్ల వయసులో అన్నీ వదిలి 1896లో చిత్రకళ నేర్చుకోవడానికి అక్కడికొచ్చాడు. 1911 డిసెంబరులో ఆయన వేసిన ‘కంపోజిషన్ 5’ కొలతలు నిబంధన దాటాయని ఆయన ఉన్న సంఘమే ప్రదర్శనలో పెట్టకుండా తిప్పి కొట్టింది. కాండిన్‌స్కీ, ఫ్రాంజ్ మార్క్, గాబ్రియేలె మ్యూంటర్ బయటికి నడిచి, అదే నెల 18న ‘బ్లౌ రైటర్’, అంటే నీలి రౌతు, పేరుతో సొంత ప్రదర్శన తెరిచారు. 1912లో వచ్చిన వాళ్ల సంకలనం తెరిస్తే బవేరియా పల్లెల్లో అద్దం వెనక వేసే దేవుళ్ల బొమ్మలు, పిల్లల బొమ్మలు, ఈజిప్టు తోలుబొమ్మలు, సంగీతకర్త షోన్‌బర్గ్ సంగీతం గురించిన రాతలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఏది గొప్ప, ఏది తక్కువ అనే వరస అందులో లేదు. ఆ పేజీల అమరికే ఆ కాలానికి పెద్ద తిరుగుబాటు. కాండిన్‌స్కీకి దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ) ఆలోచనలతో బాగా పరిచయం ఉంది. భావాలకు ఆకారం, రంగు ఉంటాయని అనీ బిసెంట్, లెడ్‌బీటర్ కలిసి రాసిన పుస్తకం జర్మన్ అనువాదంలో ఆయన దగ్గర ఉండేది. ఆ బిసెంట్ మద్రాసు అడయారులో ఉన్న ఆవిడే. అయితే దీన్ని పట్టుకుని కాండిన్‌స్కీ కళ భారతీయ తత్వం నుంచి పుట్టిందని రాసేవాళ్లున్నారు. అది సాగదీయడమే అవుతుంది.

మ్యూంటర్ గురించి పుస్తకాలు ఒక పేరాతో సరిపెడతాయి. మ్యూనిక్ దగ్గరి ముర్నౌ ఊళ్లో ఆమె ఇంట్లోనే ఆ బృందం కుదురుకుంది. అద్దం బొమ్మల పద్ధతిని ముందుగా నేర్చి అందరికీ చూపినవాళ్లలో ఆమె ఒకరు. 1914లో రష్యన్ పౌరుడిగా కాండిన్‌స్కీ జర్మనీ వదలాల్సి వచ్చింది, తర్వాత ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. ఆయన వదిలేసిన వందల చిత్రాలను నాజీల కాలమంతా ఆమె ఇంటి నేలమాళిగలో దాచింది. 1957లో తన 80వ పుట్టినరోజు సందర్భంగా వాటిని మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియానికి ఇచ్చేసింది. ఆమె లేకపోతే తొలి కాండిన్‌స్కీ ఈరోజు మనకు సగం కూడా తెలిసేవాడు కాడు.

మొదటి ప్రపంచయుద్ధం ఈ తరాన్ని విరిచేసింది. బ్లౌ రైటర్ చిత్రకారుడు ఆగస్ట్ మాకె 1914 సెప్టెంబరులో, 27 ఏళ్లకే, యుద్ధరంగంలో చనిపోయాడు. మార్క్ 1916 మార్చి 4న వెర్డన్ దగ్గర చనిపోయాడు. అతనికి 36. మార్క్ యుద్ధానికి ముందు వేసిన ‘జంతువుల విధి’ చిత్రం ఒక గోదాము మంటల్లో కుడివైపు కాలింది. 1919లో స్నేహితుడు పాల్ క్లే ఆ భాగాన్ని గోధుమ ఛాయల్లో మళ్లీ వేశాడు. ఎక్కడ అతికించాడో దాచకుండా వదిలేశాడు. వియన్నాలో చిత్రకారుడు ఎగాన్ షీలె 1918 అక్టోబరు 31న స్పానిష్ ఫ్లూతో పోయాడు, భార్య పోయిన మూడో రోజున. కిర్ష్‌నర్ యుద్ధానికి వెళ్లకముందే శిక్షణ శిబిరంలో మానసికంగా కుప్పకూలాడు. 1915లో వేసుకున్న స్వీయచిత్రంలో సైనికుడి దుస్తుల్లో, కుడిచెయ్యి తెగిపోయినట్టు గీసుకున్నాడు. నిజంగా ఆయన చెయ్యి తెగలేదు.

ఇక్కడే మీరు గమనించాల్సింది ఒకటుంది. ఎక్స్‌ప్రెషనిజం అంటే మనసులో ఉన్నది ఆపుకోలేక కక్కేయడం అని చాలామంది అనుకుంటారు. ఆ తెగిన చెయ్యి ఆవేశం కాదు, ఆలోచన. చెయ్యి పోతే చిత్రకారుడు ఏమవుతాడన్న ప్రశ్నకు ఆయన వెతుక్కున్న రూపం. ఒకే వీధి దృశ్యానికి కిర్ష్‌నర్ లెక్కలేనన్ని స్కెచ్‌లు, పేస్టల్స్, చెక్క అచ్చులు చేసి చూసుకునేవాడు. చూడటానికి తొందరగా వేసినట్టుండే గీత వెనక అంత సాధన ఉంది. విద్యార్థుల పనిలో నాకు ఎక్కువ కనబడే లోపం ఇదే. రంగు చిమ్మితే ఎక్స్‌ప్రెషన్ వచ్చేస్తుందనుకుంటారు.

యుద్ధం తర్వాత ఈ చూపు నాటకంలోకి, కట్టడాల్లోకి, సినిమాలోకి వెళ్లింది. 1920లో వచ్చిన ‘డాక్టర్ కాలిగారి’ సినిమాలో ఇళ్లు, కిటికీలు అన్నీ వంకరే. నీడలు కూడా లైట్లతో వేసినవి కావు, చాలాచోట్ల గోడ మీద రంగుతో గీసినవి. ఈ సెట్లు వేసినవాళ్లు చిత్రకారులు. పాట్స్‌డామ్‌లో ఎరిక్ మెండెల్‌సోన్ కట్టిన ఐన్‌స్టీన్ టవర్‌ది కూడా ఇదే వంశం.

ఇక మన వైపు. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వార్షిక ప్రదర్శనలో కాండిన్‌స్కీ, క్లే, ఫైనింగర్, ఇట్టెన్ తదితరుల పనులను ఉంచారు. అప్పుడు వాళ్లు జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలకు చెందినవాళ్లు. ఈ ఏర్పాటు వెనక వియన్నాలో చదువుకుని శాంతినికేతన్ వచ్చిన స్టెల్లా క్రామ్‌రిష్ ఉంది. వచ్చినవి ఎక్కువ కాగితం మీది పనులే, ఓడలో పంపడానికి అవే వీలు. వాటితో పాటు అదే ప్రదర్శనలో గగనేంద్రనాథ్ ఠాగూర్, సునయని దేవి చిత్రాలు కూడా ఉన్నాయి. గగనేంద్రనాథ్ ముక్కలు ముక్కలైన వెలుగునీడలను చూసినప్పుడు ఆయన జర్మన్లను కాపీ కొట్టాడనిపించదు. తాను అప్పటికే వెతుకుతున్న దానికి తోడు దొరికిందనిపిస్తుంది. రవీంద్రనాథుడు రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుతూ మొదలుపెట్టిన చిత్రాలు 1930లో పారిస్‌లో, ఆ జులైలో బెర్లిన్‌లో ఫెర్డినాండ్ మోలర్ గ్యాలరీలో ప్రదర్శించారు. ఆ గ్యాలరీ ఎక్స్‌ప్రెషనిస్టుల సొంత స్థలం లాంటిది.

తర్వాత జరిగింది మీకు కొంత తెలిసే ఉంటుంది. 1937 జులై 19న మ్యూనిక్‌లో నాజీలు ‘భ్రష్ట కళ’ అనే ప్రదర్శన పెట్టారు. మ్యూజియంల నుంచి లాక్కొచ్చిన దాదాపు 650 పనులను వంకరగా, ఇరుగ్గా వేలాడదీసి, పక్కన వెటకారపు రాతలు రాశారు. నాలుగు నెలల్లో 20 లక్షల మందికి పైగా చూశారు. కిర్ష్‌నర్‌వి 639 పనులు జప్తు చేశారు. అనారోగ్యం, మత్తుమందుల అలవాటుతో అప్పటికే నలిగిపోయిన ఆయన 1938 జూన్ 15న స్విట్జర్లాండ్‌లో తుపాకీతో కాల్చుకున్నాడు. ఆ ప్రదర్శన పుస్తకం అట్ట మీద ఎవరి శిల్పం వేశారో, ఆ ఓటో ఫ్రాయిండ్లిక్ 1943లో నిర్బంధ శిబిరంలో హత్యకు గురయ్యాడు. డ్రెస్డెన్ చిత్రకారిణి ఎల్ఫ్రీడె లోజె-వెఖ్ట్‌లర్‌ను మానసిక రోగి అని ముద్రవేసి 1940లో గ్యాస్‌తో చంపేశారు. ఈ పేర్లు పాఠంలో చదివితీరాలి.

నోల్డె కథ వేరు. అందరికన్నా ఎక్కువగా ఆయనవే 1,052 పనులు జప్తు చేశారు. అయినా ఆయన నాజీ పార్టీ సభ్యుడు, యూదులను ద్వేషించినవాడు, చివరిదాకా హిట్లర్‌ను నమ్మినవాడు. యుద్ధం తర్వాత చాలాకాలం ఆయన్ని ఒట్టి బాధితుడిగా చెప్పుకున్నారు. 2019లో బెర్లిన్‌లో పెట్టిన ప్రదర్శన పత్రాలతో సహా నిజం బయటపెట్టింది. అప్పుడే జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ తన ఆఫీసులోని నోల్డె చిత్రాలు తీయించేసింది. ‘ప్రవక్త’ గొప్ప ప్రింటేనని నేను ఇప్పటికీ అంటాను. ఆ మనిషి చరిత్ర కూడా అదే క్లాసులో చెబుతాను.

పారిపోయినవాళ్లలో కొందరు అమెరికా చేరారు. మ్యూనిక్‌లో బడి నడిపి, 1930ల మొదట్లోనే అక్కడికి వెళ్లిన హాన్స్ హోఫ్‌మన్ న్యూయార్క్‌లో ఒక తరాన్ని తయారుచేశాడు. అక్కడి ఆబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం గురించి మీకు పుస్తకాలు బోలెడు దొరుకుతాయి కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. బొంబాయి చేరినవాళ్ల గురించి తక్కువ రాశారు. రూడీ ఫాన్ లేడెన్ 1933లో వచ్చాడు, పత్రికల్లో కళావిమర్శ రాశాడు. వియన్నా చిత్రకారుడు వాల్టర్ లాంగ్‌హామర్ భార్య యూదు వనిత. ఆయన 1938లో ఆస్ట్రియా వదిలి వచ్చి టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆర్ట్ డైరెక్టర్ అయ్యాడు. వియన్నా నుంచే వచ్చిన ఇమాన్యుయెల్ ష్లెసింజర్ కుర్ర చిత్రకారుల పనులు కొన్నాడు. ఈ ముగ్గురి ఇళ్లలో కబుర్లు, యూరప్ చిత్రాల ప్రింట్లు, విమర్శ, కొంత డబ్బు సాయం దొరికిన కుర్రాళ్లే 1947లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. వాళ్లలో ఒకరైన ఎఫ్.ఎన్. సూజా వేసిన నల్లటి మందపు గీతల తలల్లో ఆ ఛాయ చూడవచ్చు. ఆ గ్రూప్ పెట్టిన ఆరుగురిలో కృష్ణాజీ హౌలాజీ ఆరా సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టినవాడు. చిన్నప్పుడే బొంబాయి పారిపోయి ఇళ్లలో పనిచేస్తూ పెరిగాడు, అకాడమీ చదువు లేదు. ఆయన ప్రతిభను గుర్తించి ముందుకు నెట్టినవాళ్లు లేడెన్, లాంగ్‌హామర్‌లే. ఆయన పూలకుండీలు, నగ్నచిత్రాల్లోని ఆ బరువైన గీత మీద తెలుగులో మంచి వ్యాసం ఇంకా రావాలి.

సెమినార్‌కు అంశం కావాలన్నారు కదా, నేనైతే ఇంకో దారి సూచిస్తాను. బెర్లిన్ చిత్రకారిణి కేటె కోల్విట్జ్. ఆమెను కచ్చితంగా ఎక్స్‌ప్రెషనిస్టు అనాలా వద్దా అనే చర్చ ఉంది కానీ, యుద్ధంలో 18 ఏళ్ల కొడుకును పోగొట్టుకున్న ఆమె 1922-23లో పూర్తిచేసిన ‘యుద్ధం’ చెక్క అచ్చులు ఆ పద్ధతి లేనిదే రావు. వాటిలో ‘బలి’ అనే ప్రింట్‌ను 1931లో షాంఘైలో రచయిత లూ షున్ ఒక పత్రికలో వేశాడు. అంతకు ముందు ప్రభుత్వం కాల్చి చంపిన యువ రచయిత రౌ షీ జ్ఞాపకంగా వేసిన బొమ్మ అది. ఆ ఏడాదే కుర్రాళ్లకు చెక్క అచ్చు క్లాసు పెట్టించాడు, 1936లో ఆమె ప్రింట్ల సంపుటి తెచ్చాడు. చైనా చెక్క అచ్చులు, కోల్విట్జ్ ప్రింట్లు రెండూ బెంగాల్ వామపక్ష చిత్రకారుల దాకా వచ్చాయి. 1943 కరవులో చిత్తప్రసాద్, జైనుల్ అబెదిన్ ఇంకు గీతలు, 1946లో తెభాగా (పంటలో వాటా కోసం బెంగాల్‌లో సాగిన పోరాటం) రైతుల మధ్య సోమనాథ్ హోర్ వేసిన స్కెచ్‌లు, వాటి నుంచి ఆయన చెక్కిన అచ్చులు చూస్తే ఈ దారి కళ్లకు కడుతుంది. బెర్లిన్, షాంఘై, కలకత్తా మూడింటినీ కలుపుతూ ఒక్కో ఊరు నుంచి ఒక్కో ప్రింట్ తీసుకోండి. ముగ్గురూ నల్లటి భాగాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారో చూసి రాస్తే చాలు. రాసిన తర్వాత ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.